గురువులుకి కావలసిన అనవసరపు మాటలు

లిలువా గురువులుది ఒకప్పుడు ఎలాంటి నోరంటే, హౌరాలో లోకల్ రైలెక్కి మొదటి స్టేషన్ లిలువాలో దిగేలోపు పక్కనున్నవాడి ఊరు, పేరు, పిల్లలెంతమంది, వాళ్ళత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఎప్పటినుంచి, అన్నీ లాగేసేవాడు. అవతలివాడు బెంగాలీ అవనీ, బీహారీ అవనీ, ఒడియా అవనీ, గురువులు లక్ష్యపెట్టేవాడు కాదు. వచ్చిన భాషలన్నీ ఒకే గిన్నెలో కలిపి వడ్డించేవాడు. "దాదా, మీ యింటికాడ ఇయ్యాల ఏటి రాన్నా?" అని నవ్వుతూ అడిగితే ఏ బెంగాలీవాడికి అర్థం కాదు చెప్పండి? అర్థమయ్యేది. అయ్యి, వాడు ఆవేళ ఇంట్లో వండిన చేప పేరు చెప్పేవాడు. చేపతో మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయేది.

అలాంటి మనిషికి చెవుడొచ్చింది.

ఊరికే రాలేదు లెండి. పలాస అవతల సముద్రం ఒడ్డు పల్లె నుంచి మీసాలు మొలిచే వయసులో వచ్చి, రైలు వ్యాగన్లు తయారుచేసే ఓ ప్రైవేటు ఫ్యాక్టరీలో చేరాడు. ఎర్రగా కాల్చిన రివెట్లను బయటినుంచి ఒకడు మరసుత్తితో దంచుతుంటే, వ్యాగన్ లోపల కూర్చుని ఇనుపదిమ్మెతో వాటిని అదిమిపట్టడం అతని పని. గుడిగంట లోపల మనిషిని కూర్చోబెట్టి బయటినుంచి వాయిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. అందుకని ఎవడూ పెట్టుకోలేదు. అందరికీ కొంచెం కొంచెం పోయింది, గురువులుకి బాగా పోయింది. చివరి ఏళ్ళలో అతన్ని రంగుల సెక్షన్‌కి మార్చారు. రేకులో కోసిన అక్షరాల అచ్చుని వ్యాగన్ మీద ఆనించి తెల్లరంగు కొట్టడం. ఇంగ్లీషు అక్షరాలు అతనికి అక్కడ వచ్చాయి. అవీ వ్యాగన్ల మీద ఉండే పెద్దక్షరాలే. వాటికి చిన్నక్షరాలని ఇంకో జాతి ఉందని తెలుసుగానీ, ఆ జాతితో పరిచయం పెట్టుకోలేదు.

రిటైరయ్యేసరికి రెండు చెవులూ దాదాపు మూసుకుపోయాయి. చెవిలో పెట్టుకునే మిషనొకటి కొన్నాడు. దాంతో కుక్కర్ కూత వినపడేది, చెప్పుల చప్పుడు వినపడేది, రైలు వినపడేది, మనిషి మాట తప్ప లోకంలో ఉన్న రొదంతా వినపడేది. నాలుగు తిట్లు తిట్టి బిస్కెట్ల డబ్బాలో పడేశాడు.

చెవిటివాడికి పోయేది ఏ మాటో మనకి తెలీదండీ. అవసరమైన మాటలు పోవు. వాటిని ఎలాగోలా అరిచైనా, చెయ్యూపైనా చెప్తారు. అన్నం, మందు, తలుపు, గ్యాసువాడొచ్చాడు. అవి అందుతూనే ఉంటాయి. పోయేవి అనవసరమైనవి. "ఈయేళ మబ్బు చూశావా, ఎంత నల్లగా ఉందో" లాంటివి. పక్కింటాయన కొత్త గొడుగు గురించి చాటుగా ఓ మాట. అవి ఎవడూ అరిచి చెప్పడు. అరిచి చెప్తే అందులో రుచి ఉండదు మరి. గురువులు బతికిందే వాటిమీద. ఇప్పుడు పెన్షనుంది, అన్నం ఉంది, ఒంట్లో ఓపికుంది, ఆ మాటలు లేవు.

యూనియన్ ఆఫీసు గోడమీద రోజూ పొద్దుట పార్టీ పేపరు అంటించేవారు. బెంగాలీ చదవడం వచ్చినవాడు పైకి చదివితే, రానివాళ్ళు చుట్టూ నిలబడి వ్యాఖ్యానం చేసేవారు. వెనకటి రోజుల్లో వ్యాఖ్యానమంతా గురువులుదే. చెవులు పోయాక కూడా కొన్నాళ్ళు వెళ్ళాడు. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు, కాకపోతే కొంచెం ఆలస్యంగా. "ఏటి? ఏటన్నాడు?" అని పక్కవాడి భుజం తట్టేవాడు. పక్కవాడు చెయ్యి ఊపి "కిచ్ఛు నా, దాదా, కిచ్ఛు నా" అనేవాడు. ఏం లేదు అని. ఆ పెదాల కదలిక చూసి చూసి గురువులుకి ఒళ్ళు మండిపోయింది. "ఏటీ లేకపోతే అంతలాగ ఇరగబడి ఎందుకు నవ్వుతన్నార్రా!" అని ఒకరోజు కేకలేసి వచ్చేశాడు. మళ్ళీ పోలేదు.

ఇంట్లో అమ్మన్నమ్మ ఉంది. మంచి మనిషి, కానీ గొంతు చిన్నది. సిగ్గు పెద్దది. వాళ్ళుండేది రేకుల కప్పుల బారు ఇళ్ళలో, అన్నీ తెలుగువాళ్ళవే. ఒక గోడకి ఇటూ అటూ రెండు సంసారాలు. మొగుడికి వినపడేలా ఏదైనా చెప్పాలంటే వీధి వీధంతా వినపడాలి. ఆలుమగలు చెప్పుకునే ఊసు వీధికి వినిపించడమేమిటని ఆవిడ పూర్తిగా మానేసింది. అన్నానికి ఒక కేక, మందుకి ఒక కేక. రోజుకి ఆ కేకలే. గురువులు మాత్రం, దీనికి నాతో మాట్లాడడం ఎప్పుడూ ఇష్టం లేదు కాబోలు, చెవులు పోవడం దీనికి కలిసొచ్చింది కాబోలు అనుకునేవాడు. అనుకుని లోలోపల కుమిలిపోయేవాడు.

వాళ్ళ కూతురు సుందరి న్యూ టౌన్‌లో కొత్తగా లేచిన ఆఫీసుల్లో ఒకదాంట్లో పనిచేస్తుంది. కాపురం ఏక్‌బాల్‌పూర్‌లో. రెండువేల ఏడులో ఓ ఆదివారం వచ్చి, తండ్రి గోడకి జారబడి కూర్చుని గోళ్ళు చూసుకుంటూ ఉండడం చూసింది. చెయ్యి పట్టుకుని బజారులో తపన్‌దా దుకాణానికి లాక్కుపోయింది. తపన్‌దాది అంతకుముందు టెలిఫోన్ బూత్. ఇప్పుడు ప్లాస్టిక్ కర్టెన్ వెనక మూడు కంప్యూటర్లు పెట్టి సైబర్ కేఫ్ అని బోర్డు రాయించాడు.

సుందరి ఆర్కుట్ సైటు తెరిచింది. అందులో "బయటూరి తెలుగోళ్ళు" అని ఒక గుంపు. ఆంధ్రా బయట పుట్టిపెరిగిన తెలుగువాళ్ళు అక్కడ చేరి పనికిమాలిన కబుర్లు చెప్పుకుంటారు. సుందరిలాగే వాళ్ళలో చాలామందికి తెలుగు మాట వచ్చు, తెలుగు చదవడం రాదు. అందుకని తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటారు. సుందరి తండ్రికి ఒక పేరూ ఒక పేజీ పెట్టి, రాయమన్నట్టు మీటల వైపు చూపించింది.

మీటల మీద ఉన్నవన్నీ పెద్దక్షరాలే. తెరమీద కూడా అవే పడేలా తపన్‌దా ఏదో మీట నొక్కిపెట్టాడు. గురువులుకి పాత స్నేహితులు కనపడ్డట్టయింది. ఒక్కొక్కటే వెతికి, వ్యాగన్ మీద రంగు కొట్టినంత శ్రద్ధగా నొక్కాడు. 'నాను గురువులు. లిలువా. అందరూ బాగున్నారా?'

ఆవేళ జవాబు రాలేదు. మర్నాడు ఒక్కడే వెళ్ళాడు. వచ్చి ఉంది. రాయ్‌పూర్ నుంచి మంగాదేవి అని ఒకావిడ రాసింది. గురువులు తెర మీద వేలుపెట్టి కూడబలుక్కుని చదివాడు. చిన్నక్షరాలు సగం తపన్‌దా చూపించాడు. 'బాగున్నాం బాబాయి గారూ. ఇవాళ మా ఇంట్లో దోసకాయ పప్పు. మీ ఇంట్లో ఏం కూర?'

గురువులు ఆ చివరి ముక్క మళ్ళీ చదివాడు. మీ ఇంట్లో ఏం కూర? ఎన్నేళ్ళయింది ఎవరైనా ఆ మాట తనని అడిగి! కళ్ళనిండా నీళ్ళొచ్చేశాయి. తీరా జవాబు రాద్దామంటే, మధ్యాహ్నం ఏం తిన్నాడో గుర్తు లేదు. ముందు పెట్టింది ముద్ద చేసి మింగడమేగా ఈమధ్య. గబగబా ఇంటికి నడిచాడు.

"ఒలే, మద్దినేళ ఏటి కూర తిన్నాం మనం?"

అమ్మన్నమ్మ అతనివైపు వింతగా చూసింది. మతి పోయిందేమోనని భయపడి, మూలనున్న గుమ్మడిముక్క తీసి చూపించింది. గురువులు మళ్ళీ గబగబా వెనక్కి నడిచాడు.

అలా పట్టుకుంది. రోజూ సాయంత్రం తపన్‌దా దుకాణమే. మంగాదేవి పాత రంగుడబ్బాలో కాకరపాదు పెట్టింది, దానికి పువ్వులొస్తాయి, కాయలు రావు. ఆ సంగతి మీద గుంపంతా తలో సలహా. పోర్ట్‌బ్లెయిర్ నుంచి మరియదాసు అని హార్బర్లో పనిచేసే ఆయన, ఎండాకాలం కాకులు నోరు తెరుచుకుని ఎందుకు కూర్చుంటాయని అడుగుతాడు. సూరత్‌లో కోదండం అని కుర్రాడు ఉన్నాడు, బట్టల మిల్లులో కంప్యూటర్ పని. వాడిదంతా ఆటపట్టించడమే. ఒకరోజు వాడు ఓ ప్రశ్న వేశాడు. 'మీ వీధి కుక్కలకి పేర్లున్నాయా? ఉంటే చెప్పండి.'

ఇదేం ప్రశ్న అని ఎవరైనా అంటారు. గురువులు అనలేదు. మర్నాడు పొద్దుట చొక్కా వేసుకుని కుక్కల పేర్లు కనుక్కోవడానికి బయలుదేరాడు. టీ దుకాణం దగ్గర తెల్లకుక్కని చూపించి "దాదా, దీన్నేటంటారు?" అని అడిగాడు. టీ దుకాణంవాడు అతని చెవి దగ్గర నోరుపెట్టి "లాలూ!" అని అరిచాడు. అరిచేసరికి తననే పిలిచారనుకుని ఆ కుక్క పరిగెత్తుకొచ్చి గురువులు కాళ్ళకి చుట్టుకుంది. పిండిమర దగ్గర "భోలా!" అన్నారు. భోలా వచ్చింది. వెనకనే లాలూ కూడా ఉంది. మార్కెట్ మలుపు తిరిగేసరికి గురువులు వెనకాల కుక్కల ఊరేగింపు. జనం అరుగుల మీద నిలబడి నవ్వారు. ఈసారి ఎందుకు నవ్వుతున్నారో గురువులుకి తెలుసు. అందరితోపాటే, అందరూ నవ్వినప్పుడే నవ్వాడు.

ఇంటికి రాగానే ఆరోజు కబుర్లన్నీ అమ్మన్నమ్మకి చెప్పేవాడు. అతని గొంతు సంగతి తెలిసిందే, తనకి వినపడదు గనక అందరికీ వినపడేలా మాట్లాడతాడు. "ఒలే, మంగాదేవి పాదుకి పిందె పడిందట!" అనగానే గోడ అవతల దాలమ్మ పొయ్యి మీంచి కూర దించి మరీ వినేది. దాలమ్మ ఒక్కతే ఏమిటి, వీధికి వీధే వినేది. అమ్మన్నమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. బియ్యంలో రాళ్ళేరుకుంటూనో, చేప తోముకుంటూనో తల వంచుకుని ఉండేది. ఇది వింటోందో లేదో గురువులుకి తెలిసేది కాదు. గోడకి చెప్పినట్టుందే అనుకునేవాడు. అయినా చెప్పేవాడు.

అంతా బాగానే ఉంది. వానలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం కోదండం రాశాడు.

'గురువులు బాబాయీ, ఎందుకండీ రోజూ అలా అరుస్తారు? మా చెవులు బాగానే పనిచేస్తున్నాయి!'

గురువులు మీటల మీంచి చెయ్యి తీసేశాడు.

తెలిసిపోయింది. వీళ్ళకి తెలిసిపోయింది! సూరత్‌లో కూర్చున్నవాడికి తను అరుస్తాడని ఎలా తెలిసింది? ఎవరో చెప్పి ఉండాలి. చెవులు, అరవడం, రెండు మాటలూ పక్కపక్కనే పెట్టి రాశాడంటే ఇంకా అనుమానమేమిటి? కింద మరియదాసు నవ్వు బొమ్మ పెట్టాడు. ఇంకెవరో రెండు నవ్వు బొమ్మలు పెట్టారు. యూనియన్ ఆఫీసు గోడ దగ్గరి నవ్వులే ఇవీను. గురువులు తపన్‌దాకి చెప్పకుండానే లేచి ఇంటికొచ్చేశాడు.

వస్తూనే విరుచుకుపడ్డాడు. "ఎవులు సెప్పినారు? నువ్వు సెప్పినావా, సుందరి సెప్పిందా? నా సెవుడు సంగతి ఆలకెందుకు? ఒక్కసోట, ఈ పెపంచకంలో ఒక్కసోట నాను సెవిటోణ్ణి కాదు! అదీ లేకుండా సేసినారు గదే!"

అమ్మన్నమ్మకి ఏమీ అర్థం కాలేదు. కాదు కాదని చేతులూపింది. సుందరికి ఫోన్ చేయించాడు, అటునుంచి ఏం చెప్పిందో అతనికి వినపడదు, అమ్మన్నమ్మ తల అడ్డంగా ఊపింది. గురువులు నమ్మలేదు.

అసలు సంగతి మీకూ నాకూ తెలుసు. తెరమీద పెద్దక్షరాలు రాస్తే అరిచినట్టు లెక్క అని నెట్‌లో వాళ్ళకో లెక్క ఉంది. వ్యాగన్ల మీద అక్షరాలు నేర్చినవాడికి ఆ లెక్క ఎవరు చెప్తారు? ఇన్నాళ్ళూ పెద్దక్షరాల్లోనే కూర సంగతి, కుక్కల సంగతి రాశాడు పాపం. పేజీ తెరిస్తే చాలు, గురువులు గొంతు చించుకుంటున్నట్టే ఉండేది వాళ్ళకి. దానికి కోదండం సరదాగా ఓ మాటన్నాడు. అది వెళ్ళి సరిగ్గా పుండుమీద పడింది.

గురువులు దుకాణానికి వెళ్ళడం మానేశాడు. అతని భయం వెక్కిరింపు గురించి మాత్రమే కాదు. వెక్కిరింపు రెండురోజులుండి పోతుంది. ఆ తరవాత వచ్చేది అతనికి బాగా తెలుసు. చెవిటివాడని తెలిసిన మరుక్షణం మనుషులు అవసరమైన మాటల్లోకి దిగిపోతారు. 'ఆరోగ్యం ఎలా ఉంది బాబాయి గారూ, డాక్టరుకి చూపించారా, జాగ్రత్తగా రోడ్డు దాటండి.' అంతే. ఇంక కాకుల సంగతి ఎవడూ అడగడు. అలాంటి మాటలు ఇంటి దగ్గరే బోలెడున్నాయి, దానికి తపన్‌దా దుకాణం దాకా ఎందుకు?

మళ్ళీ గోడకి జారబడి కూర్చున్నాడు. సాయంత్రాలు ఏమీ చెప్పలేదు. లాలూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసి పోయేది. దాలమ్మ గోడ అవతలనుంచి తొంగిచూసి, చేత్తో పాదు అల్లుకున్నట్టు చూపించి, ఏమైందన్నట్టు ముఖం పెట్టింది. గురువులు తల తిప్పేసుకున్నాడు.

కొన్నాళ్ళు గడిచాక, ఓ మధ్యాహ్నం తపన్‌దా స్వయంగా వచ్చాడు. దుకాణం వదిలి రాని మనిషి. గుమ్మంలో నిలబడి రమ్మని చెయ్యూపాడు. గురువులు రానన్నాడు. తపన్‌దా లోపలికొచ్చి మోచెయ్యి పట్టుకుని లేవదీశాడు. అమ్మన్నమ్మ అటువైపు తిరిగి గిన్నెలు సర్దుతోంది. అవి ఉదయం సర్దిన గిన్నెలే.

దుకాణంలో గురువులుని కుర్చీలో కూలేసి తపన్‌దా గుంపు పేజీ తెరిచాడు. పైన గురువులు పేరే ఉంది. కానీ గురువులు రాయలేదు. అక్షరాలన్నీ చిన్నవి. అందులో తెలుగు ఎవరో బెంగాలీ నోటితో పలికినట్టు గుండ్రంగా, వంకరటింకరగా ఉంది. గురువులు తపన్‌దా వైపు చూశాడు. తపన్‌దా తన గుండెమీద వేలు పెట్టుకుని, తర్వాత వేళ్ళతో మీటలు నొక్కినట్టు అభినయించి, తల మీద కొంగు కప్పుకున్న ఆడమనిషిని గాలిలో గీసి చూపించాడు. ఆవిడ చెప్పింది, నేను కొట్టాను అని.

గురువులు వేలు పెట్టి చదివాడు. 'నాను అమ్మన్నమ్మని. గురువులు పెళ్ళాన్ని. మా ఆయనకి సెవుడు. బొత్తిగా ఇనపడదు.'

అక్కడికి చదివాడో లేదో, తెర నల్లగా అయిపోయింది. ఫ్యాను ఆగిపోయింది. లోడ్‌షెడ్డింగ్.

"ఒలే అమ్మన్నా!" అని గురువులు కుర్చీలోంచి లేచి అరిచాడు. బజారులో పోతున్నవాళ్ళు తిరిగి చూశారు. చివరికి పెళ్ళామే! ఎవరో చెప్పారేమో అని అనుమానమే ఉండేది, ఇప్పుడు తనే వచ్చి, ఊరూ పేరూ చెప్పుకుని మరీ పరువు తీసింది. ఇంటికి పోయి ఈ సంగతేదో తేల్చుకుంటానని కదిలాడు. తపన్‌దా భుజం నొక్కి కూర్చోబెట్టాడు. లేచాడు. మళ్ళీ కూర్చోబెట్టాడు. టీ తెప్పించి మట్టి ముంత చేతిలో పెట్టాడు. ఇంకా ఉంది, చదవాలి అని తెర వైపు చూపించాడు. గురువులు చెమటలు కక్కుతూ, తిట్టుకుంటూ, ఆ నల్లని తెరనే చూస్తూ కూర్చున్నాడు. పళ్ళు కొరికి టీ తాగాడు. ముంత విసిరేసి ఇంకో టీ తాగాడు. ఎప్పటికో ఫ్యాను కదిలింది.

తపన్‌దా మళ్ళీ అదే పేజీ తెచ్చాడు. గురువులు చదివాడు.

'బొత్తిగా ఇనపడదు. మీరేటన్నారో నాకు తెల్దు, ఆరోజు నుంచి నోరిప్పడం మానీసినాడు. ముందు రోజూ వొచ్చి మీ ఊసులన్నీ సెప్పేవోడు. కాకులూసు, కుక్కలూసు. నాను అన్నీ ఇంటా ఉండేదాన్ని. నాకు తిరిగి సెప్పాలనే ఉండేది. సెప్పాలంటే అరవాల. ఈదిలో అందరూ ఇంతారు, నాకు సిగ్గు. అందుకే ఊరకుండిపోయేదాన్ని. ఇప్పుడు ఇంట్లో మాటే లేదు. నాకేటీ తోస్తల్లేదు. మీరు మళ్ళీ ఆయన్ని పిలవాల. మంగాదేవమ్మా, నీ కాకరపాదు ఏటైంది? పిందె నిలిచిందా? నిద్దర పట్టక సస్తన్నాను.'

గురువులు చేతివేలు ఆ చివరి మాట మీదే ఉండిపోయింది. అమ్మన్నమ్మ ఇన్ని మాటలు ఒక్కసారిగా తనకి చెప్పి ఎన్నేళ్ళయిందో. ఇది వినేదట! తల వంచుకుని అన్నీ వినేదట! తిరిగి చెప్పాలని ఉండేదట! అతను ముక్కు చీదుకుని, పక్కనున్న తపన్‌దా చొక్కాకే తుడుచుకోబోయి ఆగాడు.

కింద కోదండం ఇంత పొడుగు జవాబు రాశాడు. పెద్దక్షరాలు అంటే అరుపని ఒక అలవాటుందనీ, ఆ సంగతి బాబాయికి తెలుసనుకుని ఆట పట్టించాననీ, చెవుల సంగతి తనకి బొత్తిగా తెలీదనీ, ఒట్టనీ, క్షమించమనీ. గురువులు దాన్ని రెండుసార్లు చదివి, తపన్‌దా వైపు తిరిగి "అచ్చరాలు అరుత్తాయేటి?" అని అడిగాడు. తపన్‌దాకి తెలుగు రాదు, అయినా తలూపాడు.

దాని కింద మరియదాసు రాశాడు. 'ఆ గొంతు లేక పేజీ బోసిగా ఉంది. గురువులన్నా, రా.'

గురువులు ఇంకా కిందకి వెళ్ళడానికి భయపడ్డాడు. ఇప్పుడు వస్తాయి, ఆరోగ్యం సంగతులు. మంగాదేవి స్కూల్లో పంతులమ్మ, తప్పకుండా డాక్టరు పేరే చెప్తుంది. మెల్లగా పేజీ కిందకి జరిపాడు.

'అమ్మన్నమ్మ పిన్నీ, పాదు సంగతి ఏం చెప్పమంటారు, పిందె నిలిచింది, మేక తినేసింది. ఇంటివాళ్ళ మేక, ఏమీ అనలేని పరిస్థితి. బాబాయి గారూ, మీ చెవుల సంగతి అలా ఉంచండి, వాటితో నాకేం పని? మీ బెంగాలీవాళ్ళు మునగపువ్వు కూర వండుతారట, నిజమేనా? చేదుగా ఉండదూ? కనుక్కుని చెప్పండి.'

గురువులు పకపకా నవ్వాడు. కుర్చీ ఊగింది. పక్క కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు బెదిరి చూశారు. నవ్వుతూనే మీటల మీదకి వంగి ఒక్కొక్కటే నొక్కాడు.

'నాకు చిన్నక్షరాలు రాయడం రాదు. నేర్చుకోను. నాను ఇలాగే అరుస్తాను. కోదండం, నీ చెవులు మూసుకో. మంగాదేవీ, ఆ మేక పేరేటి?'

ఆ తరవాత మునగపువ్వు కూర సంగతి తపన్‌దానే అడిగాడు. పువ్వు అని చూపించడానికి చెట్టెక్కినంత అభినయం చేశాడు. తపన్‌దా వాళ్ళమ్మ ఎలా వండేదో చేతులతో చెప్పడం మొదలుపెట్టి, చెప్పలేక, చివరికి గురువులు చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచాడు. నూరిన ఆవాలు, కొంచెం వంకాయ, కొంచెం బంగాళాదుంప. వాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అరుస్తూ అరుస్తూ తపన్‌దా గొంతు జీరబోయింది.

గురువులు ఇంటికొచ్చేసరికి సాయంత్రం అయింది. వాన వెలిసి బారు ఇళ్ళవాళ్ళంతా గుమ్మాల్లో ఉన్నారు. దాలమ్మ తలదువ్వుకుంటోంది. అమ్మన్నమ్మ గుమ్మంలో పీటేసుకుని చిన్నచేపలు బాగుచేస్తోంది. మొగుడు రావడం చూసి తల ఇంకా కిందకి వంచేసింది. తిట్లు తినడానికి సిద్ధపడే ఉన్నట్టుంది పాపం.

గురువులు ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. నెమ్మదిగా మాట్లాడాలనే అనుకున్నాడు. అతని నెమ్మది వీధి చివరిదాకా వినపడింది.

"నీకు తోస్తల్లేదని ఆలకి సెప్పుకున్నావు. నాకు సెప్పలేదేటే? నీకు నాతో మాటాడ్డం ఇష్టం లేదేమోనని నాను ఇన్నాళ్ళూ..."

దాలమ్మ దువ్వెన ఆపేసింది. అమ్మన్నమ్మ ముఖం ఎర్రగా అయింది. అటు చూసింది, ఇటు చూసింది. వీధంతా ఇటే చూస్తోంది. చేతులు కడుక్కుంది. చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. లేచి లోపలికి పోతుందనుకున్నాడు గురువులు. లోపలికి పోలేదు. అతని పక్కకొచ్చి, చెవి దగ్గరికి నోరు తెచ్చి, అరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న మనిషి, పుట్టి బుద్ధెరిగి గొంతెత్తి ఎరగని మనిషి, ఊపిరంతా బిగించి ఒక్క కేక పెట్టింది.

"ఆ మంగాదేవి లావుగుంతాదేటి, సన్నగుంతాదేటి?"

వీధి ఒక్కసారిగా గొల్లుమంది. దాలమ్మ "ఓలమ్మోలమ్మా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లాలూ, భోలా కూడా తమనే పిలిచారనుకుని వచ్చేశాయి. అమ్మన్నమ్మ సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా కదల్లేదు, జవాబు కోసం అతని ముఖంలోకే చూస్తోంది.

గురువులుకి ప్రతి మాటా వినపడింది. లావు, సన్నం, మంగాదేవి, అన్నీ స్పష్టంగా వినపడ్డాయి. చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ముఖం అమాయకంగా పెట్టి, ఆవిడవైపు ఇంకొంచెం వంగాడు.

"ఏటీ? ఇనపడనేదే. మళ్ళీ అను," అన్నాడు.